‘వచ్చి’ తర్వాతి మాట

పటాన్‌చెరు, కంపెనీ క్వార్టర్లు
14 ఏప్రిల్ 1974

మొగులయ్యకు,

రాజారావు తల్లి వీరలక్ష్మి రాస్తున్నది. ఉత్తరం మొదట్లో అందరం క్షేమమని రాయాలి. ఆ ముక్క వదిలేస్తున్నాను.

లక్డారం మాకు దూరం కాదు. సైకిలు మీద గంటలో రావచ్చు. నువ్వు రావు, నేను రాలేను. నీ మొహం చూస్తే ఏం మాట్లాడతానో నాకే తెలియదు. అంచేత ఉత్తరం.

మా వాడు పోయి ఎల్లుండికి రెండు నెలలు. దెబ్బ తగిలిన మూడో రోజున, వాడు పోయిన పూట, పెద్దాసుపత్రి వరండాలో నువ్వు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నావు. నా దగ్గరకు రాలేదు. తర్వాత ఫ్యాక్టరీలో పని మానేసి ఊరెళ్ళి వ్యవసాయం చూసుకుంటున్నావని విన్నాను.

మొన్న కంపెనీ ఆటల కమిటీ నుంచి కాగితం వచ్చింది. వాళ్ళ నాన్న చదివి వినిపించారు. అందులో ఇలా ఉంది: ‘సంగారెడ్డి జట్టుతో ఫుట్‌బాల్ ఆడుతుండగా, కార్నర్ కిక్ సమయమున, గోలీ పిలిచినప్పటికీ రాజారావు వినక బంతికై ఎగిరినందున ప్రమాదము సంభవించినది. ఇందుకు ఎవరును బాధ్యులు కారు.’ ఆయన సంతకం పెట్టి ఇచ్చేశారు. పోయినవాడు ఎలాగూ పోయాడు, కాగితంతో పేచీ దేనికన్నారు.

ఆ గోలీవి నువ్వే. నేను ‘వినక’ అన్న దగ్గర ఆగిపోయాను. మొగులయ్యా, నేను నాలుగో క్లాసు వరకే చదివాను. మీ ఆట నాకు తెలియదు. కానీ నా కొడుకు చెవి నాకు తెలుసు. చిన్నప్పుడు వంటింట్లో అట్లకాడ పెనం మీద పడిన చప్పుడుకే వీధి చివర నుంచి పరుగెత్తుకొచ్చేవాడు. ప్రెస్ షాపులో ఆ మోతలో మూడేళ్ళు పనిచేసినా, వెనక నుంచి నేను మెల్లగా పిలిచినా తిరిగేవాడు. అలాంటివాడు నువ్వు నాలుగడుగుల దూరం నుంచి అరిస్తే వినలేదంటే నమ్మమంటారా?

వినలేదంటే వాడి చావు వాడి తప్పేనని. చచ్చినవాడి మీద తప్పు వెయ్యడం తేలిక. లేచి కాదనడు.

నాకు ఒకటే తెలియాలి. ఆ బంతి వస్తున్నప్పుడు నువ్వు పిలిచావా, లేదా?

మా ఆయనకు ఈ సంగతి చెప్పలేదు. జవాబు పక్క క్వార్టరు కమలాకుమారి గారి పేరున పంపు. ఆవిడ నాకు ఇస్తుంది.

వీరలక్ష్మి



లక్డారం
22-4-1974

గౌరవనీయులైన వీరలక్ష్మి గారికి నమస్కారములు.

మీ ఉత్తరము అందినది. మీ కుమారుని అకాల మరణమునకు మిక్కిలి విచారించుచున్నాను. ఆ దినమున కార్నర్ కిక్ వచ్చినప్పుడు నేను నియమము ప్రకారము బిగ్గరగా పిలిచాను. గాలి ఎక్కువగా ఉన్నందువలన రాజారావుకు వినబడలేదని భావిస్తున్నాను. కమిటీ వారి ముందు కూడా ఇదే చెప్పాను. మీరు మనసు దిటవు చేసుకోగలరని ఆశిస్తున్నాను.

ఇట్లు
విధేయుడు
మొగులయ్య



పటాన్‌చెరు
6 మే 1974

మొగులయ్యకు,

కమలాకుమారి గారు నీ ఉత్తరం ఇస్తూ, ఎవరో బాగా చదువుకున్నవాడిలా ఉన్నాడే అన్నారు. నేను నాలుగుసార్లు చదివాను. అక్షరాలు నీవే అయి ఉంటాయి. మాటలు నీవి కావు.

నువ్వు ‘పిలిచాను’ అనవు. ‘పిలిచిన’ అంటావు. ఎన్ని ఆదివారాలు మా ఇంట్లో భోంచేశావు, నాకు తెలియదా? పులుసు ఇంకొంచెం పొయ్యనా అంటే ‘సాలమ్మా, మస్తు తిన్న’ అనేవాడివి. ఈ ఉత్తరంలో ఆ మనిషి ఎక్కడా కనపడలేదు. నిజం చెప్పేటప్పుడు ఎవరైనా సొంత నోటితోనే చెబుతారు. ఇది ఎవరో చెబుతుంటే నువ్వు రాసింది.

ఆదివారం సంతలో మీ జట్టు చిన్నరాములు కనపడ్డాడు. నన్ను చూసి ఉల్లిపాయల గుట్ట వెనక్కి తప్పుకోబోయాడు. పట్టుకుని నిలబెట్టాను. కార్నర్ అంటే ఏమిటి, పిలుపు అంటే ఏమిటి, ఎవరెక్కడ నిలబడతారు, చెబితే గానీ కదలనివ్వనన్నాను. పాపం, నా సంచిలో కూరలు తీసి గోనె పట్టా మీద పేర్చి చూపించాడు. రెండు దోసకాయలు గోలు కర్రలు. ఒక్కో కర్ర పక్కన ఒక మిరపకాయ, కర్రను కాయడానికి. మధ్యలో ఉల్లిపాయ నువ్వు. అవతలి జట్టు వాళ్ళకు బెండకాయలు, ఒక్కో బెండకాయకు అంటుకుని మన వాడు ఒకడు, మనిషికి మనిషి. మా వాడిని ఒక పెద్ద వంకాయగా పెట్టాడు. దగ్గరి కర్రకు నాలుగడుగుల ముందు, నీకు వీపు పెట్టి, ఎవరినీ పట్టుకోకుండా ఒంటరిగా. అందరికంటే పొడుగు కాబట్టి ముందుగా వచ్చే బంతిని తలతో బయటికి కొట్టడం వాడి పనట.

చిన్నరాములు ఇలా చెప్పాడు: “గోలీ పిలిస్తే బంతి గోలీదమ్మా. మేమెవ్వరం ఎగరొద్దు, వెనకకు జరిగి ఖాళీ అయిన గోల్ కాయాలె. పిలవకుంటే ముందటోడు ఎగరాలె, ఆలోచన చేయొద్దు. రాజారావుకు గోలీ కనవడడు. కండ్లు బంతి మీద, చెవి గోలీ మీద.”

పిలిచాడా అని అడిగాను. వంకాయ తీసి సంచిలో వేశాడు. తర్వాత “ఏందో ఇనవడ్డదమ్మా. ‘వచ్చి’ అన్నట్టు. ఆ తర్వాత ఇనవడలె” అన్నాడు.

ఆ వంకాయ ఆ వేళ వండలేకపోయాను.

‘వచ్చి’ తర్వాత ఏమిటి మొగులయ్యా?

వీరలక్ష్మి



లక్డారం
19-5-1974

అమ్మకు మొగులయ్య దండం పెట్టి రాసేది.

ఆ ఉత్తరం నాది కాదు, నువ్వు పట్టుకున్నవు. నీ ఉత్తరం తీసుకొని ఆటల కమిటీ సెక్రటరీ సార్ కాడికి పోయిన. సార్ చెప్పిండు, నేను రాసిన. ఒక్క తీరుగ చెప్పకుంటే పోలీసోళ్లు వస్తరు, ఆంధ్రోళ్లు తెలంగాణోళ్లు అని ఫ్యాక్టరీల మల్ల లొల్లి అయితది అన్నడు. కమిటీ ముందట కూడ గట్లనే తల ఊపిన.

పిలవలేదమ్మా. మాట పూర్తిగ బయటికి రాలే. రాజారావుది తప్పు లేదు. పిలుపు రాకుంటే ఎగరాలె, ఆయన ఎగిరిండు. నేను వెనక నుంచి పిడికిలి లేపి ఉరికొచ్చిన. బంతి పోయి బయట పడ్డది. నా మోచేయి ఆయన చెవి వెనక తాకింది. ఆ చేతితోనే ఇది రాస్తున్న.

ఎందుకు పిలవలేదని మాత్రం అడగకు. నువ్వు అడుగుతవని ఎరుకే. అది తెలిస్తే నీకే బాధ, నాకు కాదు. నువ్వు కావాలంటే కమిటీ ముందటికి వచ్చి పిలవలేదని సంతకం పెడత. రాజారావు పేరు మీద తప్పు పోతది. గంతవరకు చేస్త. అంతకంటె ఎక్కువ నా నోటి నుంచి గుంజకు.

ఇక్కడ వాన జాడ లేదు. దుక్కి కూడ కాలేదు. మా అమ్మ నర్సింహమ్మ నేను అన్నం తినేటప్పుడు ఎదురుంగ కూసుంటది.

మొగులయ్య



పటాన్‌చెరు
2 జూన్ 1974

మొగులయ్యా,

అయితే పిలవలేదు.

కాగితం అబద్ధం. నువ్వు తల ఊపావు, మా ఆయన సంతకం పెట్టారు, నా కొడుకు చెవిటివాడైపోయాడు. ఇంకా నాకు బాధ అంటావా? ఇరవై మూడేళ్ళవాణ్ణి చాప మీద పడుకోబెట్టి పసుపు నీళ్ళు పోసినదాన్ని. నాకు తెలియని బాధ ఒకటి నీ దగ్గర దాచిపెట్టి ఉంచావా?

నువ్వు చెప్పనన్న దగ్గర నుంచీ నా కడుపులో ఒక మాట పుట్టి పెరుగుతోంది. తప్పో ఒప్పో రాసేస్తున్నాను. అరవై తొమ్మిదిలో గొడవలప్పుడు వాళ్ళ నాన్న పది రోజులు డ్యూటీకి వెళ్ళలేదు. మా క్వార్టరు గోడ మీద మమ్మల్ని వెళ్ళిపొమ్మని బొగ్గుతో రాశారు. నర్సాపురంలో ఉన్నదంతా వదులుకుని వచ్చినవాళ్ళం, ఎక్కడికి వెళతాం? అప్పుడు రాజాకి పద్దెనిమిది. బకెట్టు, గుడ్డ పట్టుకెళ్ళి వాడే తుడిచాడు. తుడుస్తూ, ఎవరు రాశారో గానీ అమ్మా, దస్తూరీ మాత్రం బాగుంది అని నన్ను నవ్వించాడు. అలాంటివాడు వాడు. నీలాంటి వాళ్ళను ఇంటికి పిలిచి నా చేత వడ్డన చేయించాడు. మీరూ మేమూ అన్నదే లేదు వాడికి.

నీకు ఉందా? మేం పోవాలని కోరుకున్నవాళ్ళలో నువ్వు కూడా ఉన్నావా? కావాలనే నోరు మూసుకున్నావా?

నీ ఉత్తరం నా దగ్గర భద్రంగా ఉంది. ‘పిలవలేదు’ అని నీ చేతి రాతతో ఉంది. మా ఆయన షాపులో మా జిల్లా వాళ్ళు ముప్ఫై మంది. వాళ్ళలో ఒక్కడికి చూపిస్తే చాలు. ఏమవుతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇప్పటికే ఒకరిద్దరు వచ్చి, ఏదో దాస్తున్నారట కదా పిన్నిగారూ అని అడిగి వెళ్ళారు.

పదిహేనో తారీఖు వరకు చూస్తాను. ఎందుకో రాయి. నేను బాధపడతానని నువ్వు జాలిపడక్కర్లేదు.

వీరలక్ష్మి



లక్డారం
9-6-1974

అమ్మకు,

మొగులయ్య రాసేది. చెప్పొద్దనే అనుకున్న. నువ్వు కావాలని చేసినవా అని అడిగినంక చెప్పకుంట ఉండరాదు.

రాజారావు నాకు దోస్తు. డ్యూటీ దిగినంక అందరు కంపెనీ బస్సు ఎక్కి పోతే మేమిద్దరం గ్రౌండ్ల ఉండేటోళ్లం. కార్నర్ కొట్టుడు, కార్నర్ కాసుడు, రెండు పనులు ఒకని దగ్గర ఒకడు నేర్చుకున్నం. నేను గోలీని గనక గోలీకి ఏది కష్టమో నాకు ఎరుక. మనం కార్నర్ కొట్టేటప్పుడు ముందుగాల్నే పోయి గోలీ ముంగట నిలబడకు అని చెప్పిన. దూరం కర్ర దిక్కు ఉండు, బంతి లేవంగనే దగ్గరి కర్రకు ఉరుకు, గోలీ కండ్లు బంతి మీదుంటయి, నువ్వు ఎప్పుడొచ్చినవో వానికి తెలువది అన్న. ఆ ఒక్క ఉపాయంతోని పోయిన సీజన్ల ఏడు గోల్‌లు కొట్టిండు.

ఆయన నాకేం చెప్పిండంటే, “నువ్వు గోల్లోనే అతుక్కుపోతున్నావు మొగులయ్యా, బయటికి రా. నీ ముందు నేనున్నాను కదా. ఒక్క కేక వెయ్యి, నేను తప్పుకుంటాను” అన్నడు. ఫ్రీ కిక్కుకు నోటితోని పని లేదు. మనోళ్లను గోడ లెక్క నిలబెట్టి, నేను కర్ర పట్టుకొని చేతితోని అటు ఇటు జరుపుత. దానికి టైం ఉంటది. కార్నర్‌కు ఉండదు. ఒక్క మాట, గంతే. నా మాట ‘వచ్చిన’.

మా దిక్కు ‘వచ్చిన’ అంటే నేను వచ్చిన అని. మాట అయిపోయినట్టే. మీ దిక్కు గట్ల కాదంట, దాని తర్వాత ఇంకేదో ఉండాలెనంట. వచ్చిన మనిషి, వచ్చిన బండి. ఒకనాడు ప్రాక్టీసుల నేను ‘వచ్చిన’ అని ఒర్లితే, రాజారావు బంతిని ఇడిసిపెట్టి వెనకకు తిరిగి “వచ్చిన... ఎవరు?” అన్నడు. అందరు నవ్విండ్రు. నేను కూడ నవ్విన. తెల్లారి నుంచి అదే ఆట. నేను ‘వచ్చిన’ అంటే ఒకడు ‘కోడలు’ అంటడు, ఇంకొకడు ‘పోస్టుమాన్’ అంటడు. చిన్నరాములు మా దిక్కోడే, వాడు కూడ నవ్వేటోడు.

దోస్తులన్నంక నవ్వుతరమ్మా. మీ ‘అండి’ని నేను కూడ ఎక్కిరించిన. బరాబర్ అనుకున్న. ఒకనాడు రాజారావు కొత్తది తెచ్చిండు. నేను ‘వచ్చిన’ అనంగనే ‘జ్వరం’ అన్నడు. కోచ్ సాబ్ కూడ ఊదే సీటీ పక్కకు పెట్టి నవ్విండు. ఆనాటి నుంచి నా పేరు జ్వరం. క్యాంటీన్ల చాయ్ కోసం లైన్ల నిలబడితే ‘జ్వరం వచ్చింది, దూరం జరగండి’ అంటరు. హాజరు రాసేటాయన గూడ అన్నడు. నా పేరు మొగులయ్య అని ఎవరికి యాది లేకుంట అయింది. ఇంటికొచ్చి చెప్తే మా అమ్మ, “మన ఊర్ల మన మాటకు నవ్వుడేంది బిడ్డా” అన్నది. దానికి నా దగ్గర జవాబు లేకుండె.

ఇగ మార్చుకుందామనుకున్న. పొలం కాడ ఒక్కన్నే నిలబడి ‘వచ్చాను, వచ్చాను’ అనుకుంట నేర్చుకున్న. మా అమ్మ చూసి గాలి సోకిందనుకున్నది. ప్రాక్టీసుల రెండు సార్లు అన్న. రాజారావు వచ్చి భుజం తట్టి, “శభాష్, మావాడివైపోయావు” అన్నడు. ఆయన మనసుల మంచిగనే అన్నడు. నాకే ఎందుకో ఆ దినం బువ్వ తినబుద్ధి కాలే.

సంగారెడ్డోళ్లతోని ఆడిననాడు మనం ఒక గోల్ ముందున్నం. ఇంకా పది నిమిషాలున్నది. ఎడమ దిక్కు కార్నర్. గాలి మన గోల్ దిక్కు కొడుతున్నది, బంతి లోపలికి తిరుగుకుంట వస్తున్నది. నాకే అందుతదని తెలిసిపోయింది. ఉరికిన. నోరు తెరిస్తే నా మాటే ముందుగాల వచ్చింది. ‘వచ్చి’ దాకా వచ్చింది. అప్పుడు యాదికొచ్చింది, నవ్వుతరని. చుట్టూ జనం ఉన్నరు, మా ఊరోళ్లు ఉన్నరు. అందరి ముంగట జ్వరం అంటరు. మార్చాలె అనుకున్న. మార్చేది ఎట్ల, సగం మాట నోట్ల ఉన్నది. ఇదా అదా అని రెప్పపాటు ఆగిన. ఆ సగం మాట రాజారావుకు పిలుపు అనిపియ్యలే. ఎగిరిండు.

గదే అమ్మా. పగ లేదు. ఆంధ్ర తెలంగాణ అని నాకు ఆ ఘడియల ఏం లేదు. నా మాట అంటె నాకు సిగ్గయింది.

ఇప్పుడు ఎడ్లను అదిలియ్యాలన్నా నోరు వస్తలేదు. తాడుతోనే గుంజుతున్న.

ఈ ఉత్తరం కింద సంతకం పెట్టిన, తేదీ ఏసిన. కమిటీకి ఇస్తవో, మీ షాపోళ్లకు ఇస్తవో నీ ఇష్టం. నేను ఎక్కడికి పోను, ఈడనే ఉంట. ఒక్కటే అడుగుత. రాజారావు నన్ను ఎక్కిరించిండన్న ముక్క కొట్టేసి ఇయ్యి. పోయినోని మీద గా మాట ఎందుకు.

మొగులయ్య



పటాన్‌చెరు
25 ఆగస్టు 1974

నాయనా మొగులయ్యా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. పదిహేనో తారీఖని నీకు గడువు పెట్టి, నేను మాత్రం ఇన్నాళ్ళు తీసుకున్నాను. రాయడం మొదలుపెట్టి మూడు కాగితాలు పొయ్యిలో వేశాను. మొదటి దాంట్లో అంతా నిన్ను తిట్టాను. రెండో దాంట్లో వాణ్ణి తిట్టాను. మూడోది నా సంగతి రాయబోయి సగంలోనే వేసేశాను. ఇది నాలుగోది. ఇందులో అదే రాస్తాను.

ఆ జ్వరం నాది.

ఒక ఆదివారం పొద్దున నేను చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. రాజా వచ్చి నా పక్కన కూలబడ్డాడు. మొగులయ్య ‘వచ్చిన’ అంటాడే, దానికి మా వాళ్ళు అన్నీ వాడేశారమ్మా, కొత్తది ఒకటి చెప్పు అన్నాడు. నేను తల కూడా ఎత్తలేదు. “వచ్చిన జ్వరం” అన్నాను. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. వాడు నవ్వితే నాకూ నవ్వొచ్చింది. చేటలో బియ్యం ఒలికిపోయేలా నవ్వుకున్నాం ఇద్దరం. మర్నాడు సాయంత్రం ఇంటికి రాగానే బూట్లు కూడా విప్పకుండా, “నీ జ్వరం భలే పట్టుకుందే అమ్మా, కోచ్ గారు కూడా నవ్వారు” అన్నాడు. నేనేదో గొప్ప పని చేసినట్టు పక్కింటి కమలాకుమారి గారికి కూడా చెప్పుకున్నాను.

తర్వాత నువ్వు మా ఇంటికి ఆఖరిసారి భోజనానికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. నీకు రాసిన ఉత్తరంలో ఆ రోజు సంగతి రాయకుండా దాటేశాను. గుమ్మంలో నిన్ను చూసి “వచ్చావా బాబూ” అన్నాను. ఎప్పుడూ ‘వచ్చిన అమ్మా’ అనేవాడివి. ఆ రోజు తల ఊపావు. అన్నం దగ్గర కూడా ‘చాలండి, తిన్నానండి’ అన్నావు. నువ్వు వెళ్ళాక నేను మా ఆయనతో, చూశారా, మన ఇంటికి వస్తూ పోతూ మాట ఎంత బాగుపడిందో అన్నాను. ఎంత మాట అన్నానో అప్పుడు తెలియలేదు. నా వంటింట్లో కూర్చుని నీ నోరు మూతపడుతుంటే, నేను మురిసిపోయి నెయ్యి వేశాను.

మీ అమ్మ అడిగిన మాటకు నీ దగ్గర జవాబు లేదని రాశావు. నా దగ్గరా లేదు. మేం పదేళ్ళుగా ఈ ఊరి నీళ్ళు తాగుతూ, ఈ ఊరి మాట వింటే నవ్వుకునేవాళ్ళం. కూరలమ్మే ఆవిడ దగ్గర, పాలవాడి దగ్గర, అందరి దగ్గరా. గోడ మీద మమ్మల్ని పొమ్మని రాస్తే ఏడ్చాం. ఆ నవ్వు మాత్రం మాకు గాయంలా కనపడలేదు, మాకు తగిలేది కాదు కదా.

నీ ఉత్తరం మా ఆయనకు చదివి వినిపించాను. ఏ ముక్కా కొట్టెయ్యలేదు. నా జ్వరం సంగతి కూడా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఇది కమిటీకి ఇస్తే మనవాడి మీద మాట పోతుంది” అన్నారు. కళ్ళజోడు పెట్టుకుని, “ఆ కుర్రాణ్ణి మాత్రం మన షాపు వాళ్ళు బతకనివ్వరు” అన్నారు. చొక్కా వేసుకుని, నీ ఇష్టమే అని చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయారు.

మర్నాడు నీ ఉత్తరం కొంగున కట్టుకుని కంపెనీ ఆఫీసుకు వెళ్ళాను. ఇవ్వడానికే వెళ్ళాను, నీ దగ్గర దాచను. నా కొడుకు మీద ‘వినక’ అన్న మాట చెరిపించకపోతే నేనేం తల్లినని దారి పొడుగునా అనుకుంటూనే వెళ్ళాను. సెక్రటరీ గారు కుర్చీ చూపించి, ఏం కావాలమ్మా అన్నారు. మా వాడి కాగితం ఒక్కసారి చూపించమన్నాను. ఫైలు తెప్పించారు. ఈసారి ఎవరి చేతా చదివించుకోలేదు. వేలు పెట్టి నేనే కూడబలుక్కుని చదివాను. గోలీ పిలిచినప్పటికీ, రాజారావు, వినక. అక్కడే వేలు పెట్టి కూర్చున్నాను. ఆయన రెండుసార్లు అడిగారు, ఏమన్నా మార్పించాలా అని. చివరికి, ఇంకేం లేదండీ అని లేచి వచ్చేశాను. నీ ఉత్తరం కొంగుముడిలోనే ఉండిపోయింది.

నేను నిన్ను క్షమించానని రాయలేను. పొద్దున్నే రెండు కంచాలు తీసి, మూడోది తియ్యబోయి ఆగిపోయినప్పుడల్లా నీ మోచెయ్యి గుర్తొస్తుంది. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. నన్ను క్షమించమని నిన్ను అడగడానికీ మొహం చెల్లడం లేదు. మీ అమ్మ నర్సింహమ్మ గారికి మాత్రం ఈ ఉత్తరం చదివి వినిపించు. జ్వరం అన్నది ఎవరో ఆవిడకు తెలియాలి.

కమిటీ ముందుకు నువ్వు రావద్దు. ఏ సంతకమూ పెట్టొద్దు. ఆ కాగితంలో ఆ మాట అలాగే ఉండనీ. రాజారావు వినలేదని రాశారు, నిజమే. ఆ కార్నర్ నాడు కాదు. అంతకు ముందు ఆర్నెల్ల పాటు నువ్వు రోజూ నీ నోటితో పిలుస్తూనే ఉన్నావు. వాడు వినలేదు. నేనూ వినలేదు.

వీరలక్ష్మి